పెన్సిల్‌తో పెట్టిన సంతకం

పొద్దున్నే బడి తాళం తీసి, బల్ల మీదున్న నోటుపుస్తకం తెరవగానే ముక్కు మండి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. ఎండుమిరప ఘాటు. నిన్న సాయంత్రమే మిరప తోటల నుంచి తిరిగొచ్చిన అంజలి ఇచ్చిపోయిన పుస్తకం అది. మూడో తరగతి పిల్ల. అమ్మానాన్నల వెంట రెండు నెలలు భద్రాచలం అవతలి తోటల్లో ఉండి వచ్చింది. పుస్తకం అంచులు ఎర్రబారాయి గానీ లోపలి రాత చూడముచ్చటగా ఉంది. గీత దాటని అక్షరాలు, కొట్టివేతలు లేని వరుసలు, రోజుకొక నిండు పేజీ. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకుని మూత తీయబోయి ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నాను, ఇప్పటికీ నిండు పేజీని చూస్తే నాకు సంతోషం కంటే ముందు గుబులు పుడుతుంది. ఆ గుబులు నా సొంతం కాదు. నాకు చదువు చెప్పిన మనిషి దగ్గర నుంచి వచ్చింది.

ఆయన్ను మేం గురూజీ అనేవాళ్ళం. నేను మూడో తరగతిలో ఉండగా, వానలు మొదలయ్యాక, కాంకేర్ వైపు నుంచి మా ఊరి బడికి వచ్చారు. మా ఊరు రాష్ట్ర సరిహద్దు అవతల, కోంటా నుంచి భేజ్జి వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, సంతలో అన్నీ కలిపి, బడిలో హిందీ. గురూజీకి వచ్చింది ఒక్క హిందీయే. సన్నగా, పొడుగ్గా, ఎండలో కూడా చంకలో గొడుగుతో ఉండేవారు. ఆయనంత భయస్తుడిని నేను మళ్ళీ చూడలేదు. చొక్కా జేబులో పెన్ను ఉందో లేదో పది నిమిషాలకోసారి తడిమి చూసుకునేవారు. వాగు పొంగుతుందేమోనని భయం, పై అధికారి వస్తాడేమోనని భయం, రాడేమోనని ఇంకో భయం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మేం తిన్నాక ఒకసారి మమ్మల్ని లెక్కపెట్టుకునేవారు. పద్దెనిమిది మందీ ఉంటే ఒక నిట్టూర్పు విడిచి కుర్చీలో కూర్చునేవారు.

ఆయన వచ్చిన వారానికే హోంవర్క్ మొదలైంది. అంతకు ముందు ఏ గురూజీ ఇవ్వలేదు. పాఠం పుస్తకంలో ఒక పేజీ చూపించి, అందులో పది వరుసలు ఇంటి దగ్గర రాసుకురమ్మనేవారు. ఇంటి దగ్గర రాయని పిల్లకు చదువు నిలవదని ఆయన నమ్మకం. ఆయన చదువుకున్నదీ అలాగే కాబట్టి ఆ నమ్మకాన్ని అనుమానించాల్సిన అవసరం ఆయనకు అంతవరకూ రాలేదు.

హోంవర్క్ మాకు కొత్త గానీ పని కొత్త కాదు. మా ఊళ్ళో నాట్లకైనా, కోతలకైనా, ఇంటి కప్పు వేయడానికైనా బదులుకు పోతారు. ఈరోజు అందరూ మీ పొలంలో, రేపు అందరూ మా పొలంలో. ఊరితో పడని మనిషి తప్ప ఎవరూ ఒంటరిగా పని చేసుకోరు. అలాంటిది పద్దెనిమిది మందీ ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని అవే పది వరుసలు రాయడం ఎందుకో మాకు అర్థం కాలేదు. మా పక్కింటి గంగి దీనికి దారి కనిపెట్టింది. గంగి నా ఈడుదే, నాకంటే చురుకైంది. రోజుకొకరు అందరి పుస్తకాల్లోనూ రాయాలి. ఆ రోజు ఆ రాసేవాళ్ళ మేకల్ని మిగతావాళ్ళు తోలుకుపోవాలి, నీళ్ళు మోసిపెట్టాలి, వాళ్ళ ఇంట్లో చంటిపిల్ల ఉంటే ఎత్తుకోవాలి. ఇందులో తప్పుందని మాలో ఒక్కరికీ తోచలేదు. ఉందని ఇప్పుడు కూడా నేను గట్టిగా అనలేను. ఎవరి వంతు వాళ్ళం ఒళ్ళు దాచుకోకుండా చేశాం.

అసలు సంగతేమిటంటే నాకు ఒక్క అక్షరం రాదు. నేను రాసేది కాదు, గీసేది. హిందీ అక్షరాల నెత్తిన ఉండే ఆ గీత కింద వంకరలన్నీ ఉన్నవున్నట్టు దించేదాన్ని. పేజీలన్నీ నాకు ఒకలాగే ఉండేవి, ఏ పేజీ దించాలో గంగి చెప్పేది. "పడవ బొమ్మున్న కాడ," అని ఒకసారి, "కోతి బొమ్మున్న కాడ," అని ఒకసారి. మర్నాడు గురూజీ ఒక్కో పుస్తకం తెరిచి, పేజీ నిండిందో లేదో చూసి, ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, కింద పొడుగు తోకతో సంతకం చేసేవారు. మూడు నెలలు అలా గడిచింది. ఆ మూడు నెలల్లోనే ఆయన ముఖంలో భయం కాస్త తగ్గింది కూడా.

ఆ టిక్కులు నాకు ప్రాణంతో సమానం. ఎందుకంటే మా నాన్న వానాకాలంలోనే తేల్చి చెప్పాడు. "చలికాలం దాక చూస్త. సదువు వస్తే ముసల్దాని కాడ ఉండి బడికి పోతది. రాకుంటే మిరపకాయ ఏరను మా తోటే వస్తది." అంతకు ముందు సంవత్సరం నేను తోటలకు వెళ్ళాను. మండే చేతుల్ని నీళ్ళ కుండలో ముంచుకుని కూర్చోవడం, తెలియక కళ్ళు నులుముకుని ఏడవడం నాకు బాగా గుర్తు. నాన్నకు చదువు రాదు. అందుకని వారానికోసారి నా పుస్తకం తెప్పించుకుని ఎర్ర టిక్కులు చూసేవాడు. చూసి అమ్మతో, "మన నాగికి మంచిగనే వస్తాంది," అనేవాడు. నేను తల వంచుకుని కూర్చునేదాన్ని. టిక్కులు ఉన్నంత కాలం ఇంట్లో నానమ్మ దగ్గర ఉండొచ్చని ధైర్యం, ఎప్పుడో ఒకరోజు ఎవరో చదవమంటారని భయం. అన్నం తింటున్నా ఆ భయమే.

ఒకరోజు నా వంతు వచ్చేసరికి గంగి లేదు. వాళ్ళమ్మతో కోంటా సంతకు వెళ్ళింది. పుస్తకాలన్నీ నా ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఏ బొమ్మున్న పేజీయో తెలియదు. మిగతావాళ్ళు నా మేకల్ని తోలుకుని అడవిలోకి వెళ్ళిపోయారు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. ఒక్కో పుస్తకంలో నిన్నటి పేజీ ఉంది కదా, దాన్నే పక్క పేజీలోకి దించేశాను. అంతా దించాను. టిక్కు కూడా దించాను. కింద ఉన్న పొడుగు తోక సంతకం కూడా దించాను. అది పాఠంలో భాగం కాదని నాకు ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే దానితోనే ఎక్కువ కష్టపడ్డాను. తోక వంకర పోకుండా ముందు నేల మీద పుల్లతో గీసి నేర్చుకుని, తర్వాత పద్దెనిమిది పుస్తకాల్లోనూ పెన్సిల్‌తో పెట్టాను. అయ్యేసరికి మెడ పట్టేసింది. మంచి పని చేశానని చాలా తృప్తిగా ఉంది.

మర్నాడు గురూజీ ఎప్పటిలాగే సంతకాలు చేసుకుంటూ పోయారు. ఒకటి, రెండు, మూడు. ఏడో పుస్తకం దగ్గర పెన్ను గాలిలో ఆగిపోయింది. పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. సంతకం చేసేసిన ఆరు పుస్తకాలనూ మళ్ళీ తెరిచారు. ఆయన ముఖం తెల్లబోయింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, దారిలో ఎవరైనా వస్తున్నారేమో చూసి, తిరిగి వచ్చి అడిగారు. "నా సంతకం ఎవరు పెట్టారు?" ఆయన హిందీ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పిల్లలందరూ ఒక్కసారిగా నన్ను చూపించారు. దాచడానికేమీ లేదు కదా. "నాగిది, గురూజీ. నిన్న దీని వంతు," అని గర్వంగా చెప్పారు. వంతు ఏమిటో ఆయనకు బోధపడలేదు. మధ్యాహ్న భోజనం వండే ముత్తమ్మను పిలిపించారు. ముత్తమ్మకు మూడు భాషలూ వచ్చు, నవ్వు ఆపుకోవడం మాత్రం రాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా బదులు సంగతి మొత్తం హిందీలో ఆయనకు విప్పి చెప్పింది. మా వైపు తిరిగి తెలుగులో, "నాట్లేసినట్టు సదువేస్తున్రు గదనే," అంది.

గురూజీ నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, నేను గీసిన పేజీలో మొదటి మాట కింద వేలు పెట్టారు. "చదువు, బేటీ." ఆయన వేలు రెండో మాట కిందికి జరిగింది, మూడో మాట కిందికి జరిగింది. నేను ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. కొడతారనుకున్నాను, కొట్టలేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చి పంపేశారు. మిగతా పదిహేడు మందిలో ఒక్కరినీ పిలవలేదు. ఆ రోజంతా కుర్చీలోనే ఉన్నారు. మధ్యాహ్నం మమ్మల్ని లెక్కపెట్టడం కూడా మర్చిపోయారు. మర్నాటి నుంచి హోంవర్క్ లేదు.

టిక్కులు ఆగిపోయాయి. నాన్న అడిగితే ఏం చెప్పాలి? చలి ముదిరాక, కూలీలను తోటలకు తోలుకుపోయే మేస్త్రీ ట్రాక్టరు రెండు రోజుల్లో వస్తుందనగా, నాన్న నా పుస్తకం పట్టుకుని బడికే వచ్చాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"గురూజీ, నా బిడ్డకు సదువు వస్తాందా? నిజం జెప్పుండ్రి. ఉంచాల్నా, తోల్కపోవాల్నా?"

ముత్తమ్మ ఆ మాటల్ని హిందీలో చెప్పింది. వస్తుంది అనండి గురూజీ, ఒక్క మాట అనండి అని నేను లోపల మొక్కుకుంటున్నాను. ఆయన జేబు తడుముకున్నారు. చివరికి అన్నారు. "రాదు. మూడు నెలలు నేను చదవకుండానే సంతకాలు పెట్టాను. తప్పు పిల్లది కాదు, నాది. పిల్లను ఇక్కడ ఉంచండి, నేర్పుతాను."

ముత్తమ్మ ఆ చివరి మాటను రెండుసార్లు చెప్పింది, కానీ నాన్నకు మొదటి మాటే వినిపించింది. "రాదా? గిన్ని టిక్కులు పెట్టి, రాదంటున్నవా? ఇగ ఎవల్ని నమ్మాలె?" అని పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు గురూజీని నేను ద్వేషించాను. ఒక్క అబద్ధం చెబితే ఆయన సొమ్మేం పోయేదని ఏడ్చాను.

ట్రాక్టరు ఎక్కే పొద్దున గురూజీ గొడుగు పట్టుకుని, చెప్పులకు వాగు బురదతో గబగబా వచ్చారు. నా చేతిలో కొత్త పుస్తకం ఒకటి, రెండు పెన్సిళ్ళు పెట్టారు. ట్రాక్టరు చప్పుడులో ముత్తమ్మ అరిచి మరీ ఆయన మాట చెప్పింది. "రోజుకొగ బొమ్మ గియ్యమంటున్నడు. నువ్వు సూసింది. దేన్నీ సూసి దించొద్దంట. ఎంత పిచ్చిగున్నా పర్వలేదంట. వచ్చినంక పేజి పేజి సూస్తడంట." గురూజీ తల ఊపుతూ నిలబడ్డారు. నేను ఆయన వైపు చూడలేదు. కానీ పుస్తకం మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

తోటల్లో రోజూ పని దిగాక, పొద్దు ఉండగానే ఒక బొమ్మ గీసేదాన్ని. మిరప గుట్ట, మా గుడారం, కుంటి కుక్క, అమ్మ చేతులు. "ఏందే, ఏరి ఏరి అలిసిపోయి మల్ల గా గీతలేంది?" అని అమ్మ విసుక్కునేది. తిరిగి వచ్చాక ఆ పుస్తకాన్ని గురూజీ ముందు పెట్టాను. మొదటి పేజీ తిప్పగానే తుమ్ములు మొదలయ్యాయి. పేజీలకు అంటిన మిరప పొడి చేతికి అంటి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకుని, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారిపోతుంటే కూడా ఆపకుండా ఒక్కో బొమ్మా చూపించి అడిగారు. "ఇదేమిటి?" నేను తెలుగులో "కుక్క" అంటే ఆయన కూడా వచ్చీరాని నోటితో "కుక్క" అని, దాన్ని ఆ హిందీ అక్షరాల్లోనే బొమ్మ కింద రాసి, మెల్లగా నా చేత చదివించారు. నేను ఇన్నాళ్ళూ గీసిన ఆ వంకరల్లో నా మాట కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ పుస్తకం పూర్తవడానికి నెల పైనే పట్టింది. పుస్తకం అయ్యేసరికి నాకు చదవడం వచ్చింది. ఆయనకు నలభై తెలుగు మాటలు వచ్చాయి, అందులో సగం మిరపకాయల గురించినవే.

తర్వాతి చలికాలం నాన్న గురూజీని అడగలేదు. నన్ను కోంటా తీసుకెళ్ళి బస్సు ముందు నిలబెట్టి, "ఏం రాసుంది?" అన్నాడు. జగదల్‌పూర్ అని చదివాను. "గది జగదల్‌పూర్ బస్సని అందరికెరికే. లోపల సదువు," అని మెట్లెక్కించాడు. డ్రైవరు వెనక రాసున్నది కూడబలుక్కుని చదివి, పొగ తాగకూడదని రాసుందని చెప్పాను. నాన్న చేతిలో ఉన్న బీడీని కిటికీలోంచి పారేశాడు. ఆ తర్వాత నన్ను తోటలకు తీసుకెళ్ళలేదు.

రెండేళ్ళకు మా ఊరి బడి మూతపడింది. మూతపడితే చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది. గురూజీని తోంగ్‌పాల్ వైపు వేశారు. ఊళ్ళో పిల్లలు కొందరం కోంటాలో ఆశ్రమ బడి వాళ్ళు పెట్టిన పరీక్షకు వెళ్ళాం. కాగితం ఇవ్వగానే నేను రాయడం మొదలుపెట్టాను. పక్కన గంగి కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, నా చెవిలో అడిగింది. "నాగీ, ఇందుల బొమ్మ లేదేందే?" అప్పుడు తెలిసింది నాకు. పడవ బొమ్మున్న కాడ, కోతి బొమ్మున్న కాడ అని చెప్పిన గంగికి నాలాగే ఒక్క అక్షరం కూడా రాదు. నాకు ఆశ్రమ బడిలో చోటు దొరికింది. గంగి ఊరికి తిరిగి వెళ్ళింది, ఆ చలికాలమే మిరప తోటలకూ వెళ్ళింది.

గురూజీని మళ్ళీ ఒక్కసారే చూశాను. నేను టీచరుగా చేరిన కొత్తలో దంతెవాడలో జీపు కోసం నిలబడితే, అదే గొడుగుతో ఒక ముసలాయన కనిపించారు. పేరు చెప్పగానే గుర్తుపట్టారు. సంతోషపడ్డారు, కానీ ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. "ఆ రోజు నిన్నొక్కదాన్నే చదవమన్నాను. మిగతావాళ్ళను ఎందుకు అడగలేదో తెలుసా? భయపడ్డాను. పద్దెనిమిది మందికీ రాదని తేలితే నేనేమైపోతానని. హోంవర్క్ ఆపేశాను, అంతటితో సరిపెట్టుకున్నాను. తప్పు రాసిన పిల్ల నా కంటబడింది, బాగుపడింది. తప్పు రాయకుండా చక్కగా దించినవాళ్ళు ఏమయ్యారు?" అని ఆగి, "ఒక పిల్ల ఉండేది. పలక మీద అందరికంటే మంచి దస్తూరి. నీ పక్కనే కూర్చునేది. ఏం చేస్తోంది ఇప్పుడు?" అన్నారు.

"బాగుంది గురూజీ. చదువుకుంది," అన్నాను.

మా నాన్న ముందు నిజం చెప్పిన మనిషికి నేను అబద్ధం చెప్పాను. ఆ ముసలి ముఖం కాస్త తేలికపడితే చాలనిపించింది. ఆయన పోయారని పోయిన వానాకాలంలో తెలిసింది. ఆ అబద్ధాన్ని సరిదిద్దుకునే దారి కూడా ఆయనతోనే పోయింది.

ఇప్పుడు మా ఊరి బడి మళ్ళీ తెరిచారు. నేనే అక్కడ పంతులమ్మను. రాసే హోంవర్క్ ఇవ్వను. ఇంట్లో ఒక మాట అడిగి రమ్మంటాను, ఒక బొమ్మ గీసుకు రమ్మంటాను. అది తల్లిదండ్రులకు నచ్చదు. హోంవర్క్ ఇయ్యని బడి ఏం బడి అంటారు. వాళ్ళన్నదే నిజమేమో, నా చిన్నప్పటి భయాన్ని ఈ పిల్లల నెత్తిన రుద్దుతున్నానేమో అని నాకూ అనుమానమే. అంజలికి కూడా తోటలకు వెళ్ళేముందు బొమ్మల పుస్తకమే ఇచ్చి పంపాను. అది నిండు పేజీల రాతతో తిరిగి వచ్చింది. అంజలి గంగి కూతురు.

పెన్ను పట్టుకుని అలా కూర్చుని ఉండగానే గంగి పిల్లను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది మేడం, ఇంక సంతకం పెట్టలే? ఒక్క దినం తప్పలే నా బిడ్డ. నువ్వేమో బొమ్మలు గీయమంటివి. బొమ్మలతోటి నేనేం బాగుపడ్డనే? నేనే పక్కన కూసుండి, పాఠం బుక్కుల కెల్లి రాపిచ్చిన." నవ్వుతూనే అంది. తర్వాత గొంతు తగ్గించింది. "వస్తాంది గద నాగీ, దానికి సదువు? వచ్చే ఏడు మా అత్త కాడ ఉంచిపోదామనుకుంటున్న."

మా నాన్న అడిగిన మాటే. సంతకం పెట్టేస్తే గంగి సంతోషంగా వెళ్ళిపోతుంది. రాదని తేలితే ఈ పిల్ల కూడా నాలాగే ట్రాక్టరు ఎక్కుతుందేమో. అడగకపోతే గంగిలాగే మిగిలిపోతుందేమో.

"నాకింక తెల్వదు గంగీ. దాన్నే అడుగుదాం. నువ్వు గూడ కూసో," అన్నాను. గంగి నవ్వు ఆగిపోయింది. గుమ్మంలోనే చతికిలబడింది. అంజలిని నా పక్కకు పిలిచి మొదటి పేజీ తెరిచాను. "వచ్చినంత చదువు తల్లీ. రాకుంటే రాదని చెప్పు, నేనేమనను."

అంజలి మొదటి మాట కింద వేలు పెట్టింది. గంగి కళ్ళు ఆ వేలి మీదే ఉన్నాయి. ఆమె పెదాలు కూడా ఏదో అనబోయి ఆగిపోయాయి. ఆ మొదటి మాట కోసం మేం ముగ్గురం ఎదురుచూస్తున్నాం. మూత తీయని ఎర్ర పెన్ను నా ఒళ్ళోనే ఉందని తెలిసి కూడా, ఉందో లేదోనని మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాను.